వేళ్లతో చదివేవాళ్లకి భుజాలుండవా?

పేపర్లో అప్పుడప్పుడూ ఒక ఫొటో వస్తూ వుంటుంది, మీరూ చూసే వుంటారు. మధ్యలో ఓ పెద్దమనిషి, ఆయన చేతిలో ఓ అట్టపెట్టె, ఆ పెట్టె రెండో కొస పట్టుకొని చూపులేని ఓ అమ్మాయో అబ్బాయో, చుట్టూ మరో పదిమంది. అంధులకి ఆధునిక పరికరాలు అందజేశారని కింద రెండు ముక్కలు. అందరి మొహాల్లోనూ వెలుగే. మనం కూడా "పోన్లే పాపం, మంచి పని చేశారు" అనుకొని పేజీ తిప్పేస్తాం.

ఆ ఫొటో చూస్తే నాకు ఈమధ్య ఒళ్లు మండుతోంది. మంచి పనే, కాదనను. కాని అందులో నేనొక వస్తువు కోసం వెతుకుతాను. అది ఎప్పుడూ కనిపించదు. బల్ల! ఆ పెట్టెలోది తీసి ఎక్కడ పెట్టుకోవాలి, ఏ కుర్చీలో కూర్చోవాలి, చేతులు ఎక్కడ ఆన్చుకోవాలి - ఈ సంగతి ఇచ్చినవాళ్లూ అడగరు, ఫొటో తీసినవాళ్లూ అడగరు. పుచ్చుకొన్న పిల్ల నోరు తెరిచి అడిగిందనుకోండి, "ఇంత ఖరీదైంది ఇస్తే ఇంకా ఏదో కావాలిట, చూశావా" అంటారు.

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంటుందో చెప్పలేదు కదూ. దాన్ని బ్రెయిలీ డిస్‌ప్లే అంటారు. ఒక అడుగు పొడుగు, బెత్తెడు వెడల్పు, అంగుళానికి అటూ ఇటూగా మందం. ముందు అంచు వెంబడి ఓ వరసలో చిన్న చిన్న గళ్లు. ఒక్కొక్క గడిలో ఎనిమిది సన్నని మొలలు. కంప్యూటరు తెరమీద ఏ వాక్యముందో ఆ వాక్యం తాలూకు చుక్కలుగా ఆ మొలలు పైకి లేస్తాయి. లేచేటప్పుడు రేకు మీద నాలుగు చినుకులు పడ్డట్టు చిన్న చప్పుడు. మునివేళ్లతో ఆ వరస తడుముకొంటూ చదివి, ఓ మీట నొక్కితే పాత చుక్కలు కిందికి దిగిపోయి కొత్తవి లేస్తాయి. 14 గళ్లవీ, 20 గళ్లవీ, 40 గళ్లవీ, 80 గళ్లవీ వున్నాయి. 40 గళ్లదయితే మొత్తం 320 మొలలు. ఒక్కొక్క మొల కిందా కరెంటు తగిలితే వంగే పలుచని పట్టీ ఒకటి వుంటుంది. అన్ని పట్టీలు, అంత సన్న పనితనం కనకనే దాని ఖరీదు లక్షల్లో వుంటుంది. మనకి ఒక చూపులో పేజీ మొత్తం కనపడుతుంది. వాళ్లకి ఎప్పుడూ ఒక్క వరసే. పుస్తకమంతా ఆ ఒక్క కిటికీలోంచే చూడాలి.

ఆ చుక్కల్ని పెట్టిన లూయీ బ్రెయిలీ కథ తెలిసినవాళ్లకి తెలుసు. 1809లో ఫ్రాన్సులో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు చేసేవాడు. మూడో ఏట ఆ కొట్లో పనిముట్టు కంట్లో గుచ్చుకొని, ఆ పుండు రెండో కంటికీ పాకి, రెండూ పోయాయి. పదిహేనేళ్ల వయసుకి, అంటే 1824కి, ఆరు చుక్కల లిపి తయారు చేసేశాడు. నాకు ఆయన తెలివితేటలకంటే తర్వాత జరిగిన సంగతే ఎక్కువ గుర్తుంటుంది. ఆయన చదివి, పాఠాలు చెప్పిన పారిస్ బడిలో కళ్లున్న పెద్దలకి ఉబ్బెత్తుగా అచ్చొత్తిన మామూలు అక్షరాలే ముద్దు. ఎందుకంటే అవయితే తామూ చదువుకోవచ్చు. పిల్లల వేళ్లకి ఆ అక్షరాలు పట్టుబడకపోయినా ఫరవాలేదన్నమాట! ఆ బడి చుక్కల లిపిని అధికారికంగా ఒప్పుకొన్నది 1854లో. ఆయన 1852లోనే పోయాడు.

మన తెలుగు కూడా ఆ ఆరు చుక్కల్లోనే ఒదిగిపోయింది. 1951లో భారతీ బ్రెయిలీ అని దేశంలోని భాషలన్నిటికీ ఒకే పద్ధతి పెట్టారు. తెలుగు 'క'కీ, హిందీ 'క'కీ, ఇంగ్లీషు 'కె'కీ అవే రెండు చుక్కలు. భాషలవాళ్లం మనం కొట్టుకొంటున్నాం గాని, వేళ్లకి ఆ తగాదా లేదు.

సరే, బల్ల దగ్గరికి వద్దాం. ఈ విషయంలో మీకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వంటింటి గట్టు ఎవరు కట్టారో గుర్తుందా? మేస్త్రీ. ఎవరి ఎత్తుకి కట్టాడు? తన ఎత్తుకో, పక్క అపార్టుమెంట్లో కట్టిన గట్టు ఎత్తుకో. దాని ముందు ముప్ఫై ఏళ్లు నిలబడవలసిన మనిషిని పిలిచి, "అమ్మా, ఇలా నిలబడండి, చెయ్యి మడవండి" అని కొలిచిన మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. అందుకే పొట్టివాళ్లు పీటెక్కి పప్పు ఎనుపుతారు, పొడుగువాళ్లు నడుము వంచి గిన్నెలు కడుగుతారు. సాయంత్రానికి భుజం లాగేస్తోందంటే "వయసు మీదపడుతోంది" అని మనకి మనమే సర్ది చెప్పుకొంటాం. వయసు కాదండీ, గట్టు!

ఆఫీసు బల్ల కూడా అలాంటి గట్టే. మామూలుగా 29, 30 అంగుళాల ఎత్తుంటుంది. నేను 5 అడుగుల 1 అంగుళం మనిషిని. పాదాలు నేలకి పూర్తిగా ఆనేటట్టు కుర్చీలో కూర్చొని, భుజాలు వదులుగా వదిలి, మోచెయ్యి మడిచి, నేల నించి మోచేతి దాకా మావారి చేత టేపు పెట్టించి కొలిపించాను. 24 అంగుళాలు వచ్చింది. ఆయన నమ్మక రెండోసారి కొలిచారు. అదే 24. చేతులతో చేసే పని ఏదైనా మోచేతి ఎత్తులోనో, ఇంకాస్త కిందో వుంటే ఒంటికి సుఖం. ఇక్కడేమో ఆరంగుళాలు పైన! అంటే రోజంతా భుజాలు చెవుల దాకా ఎత్తుకొని కూర్చోవాలన్నమాట.

కళ్లున్నవాళ్లకి కథ ఇక్కడితో సరి. కీబోర్డు బల్ల అంచుకి దగ్గరగా జరుపుకొని ఎలాగో గడిపేస్తారు. చూపులేని వాళ్లకి ఆ అంచు దగ్గర డిస్‌ప్లే వుంటుంది. కీబోర్డు దాని వెనక్కి పోవాలి, లేదా దాని వీపు మీదికెక్కాలి. వెనక్కి పోతే చేతులు బెత్తెడు ముందుకి చాచాలి. మీదికెక్కితే ఇంకో అంగుళం పైకెత్తాలి. అదీ ఒకసారి కాదు. రెండు ముక్కలు టైపు చెయ్యడం, చెయ్యి కిందికి తెచ్చి చుక్కలు తడిమి సరిచూసుకోవడం, మళ్లీ చెయ్యి పైకి. మనం కళ్లు ఎత్తి దించినంత తేలిగ్గా వాళ్లు చేతులు ఎత్తి దించాలి. కంటిరెప్ప బరువెంత, చెయ్యి బరువెంత? సాయంత్రం దాకా అదే పని అయితే ఎన్ని వందలసార్లవుతుందో మీరే లెక్క వేసుకోండి.

మా అన్నయ్య కూతురు ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేస్తోంది. ఏ బ్యాంకో, ఏ వూరో చెప్పను. చెబితే మాట పడేది ఆ పిల్లే. పుట్టుకతోనే చూపు లేదు. పరీక్ష రాసి, అందరితో పాటు ఇంటర్వ్యూకి వెళ్లి తెచ్చుకొన్న వుద్యోగం అది. మొదటి జీతంతో నాకు చీర తెచ్చింది. రంగు దుకాణం వాణ్ణడిగి, నేత మాత్రం తానే వేళ్లతో చూసి కొన్నదట. ఆ నేత ఇప్పటికీ జారలేదు. అలాంటి వేళ్లండీ అవి.

కిందటేడు సంక్రాంతికి వచ్చినప్పుడు గోరింటాకు పెడుతూంటే, "అత్తా, నా చూపుడువేలు నిద్రపోతోందత్తా" అంది.

"నిద్రపోవడమేమిటే?"

"తిమ్మిరి. పొద్దున్న లేచేసరికి బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ నావి కావన్నట్టుంటాయి. చుక్కలు అయిదున్నాయో ఆరున్నాయో తెలీదు. రెండుసార్లు తడమవలసి వస్తోంది."

డాక్టరుగారు చెప్పింది ఇది. మణికట్టులో ఓ ఇరుకు సొరంగం లాంటి దారుంది. అందులోంచి ఒక నరం సరిగ్గా ఆ మూడువేళ్లకీ, పక్క వేలు సగానికీ వెళుతుంది. మణికట్టుని పైకి విరిచిపెట్టి అదేపనిగా పని చేస్తూంటే ఆ నరం నలుగుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకి ఎక్కువ. కార్పల్ టనల్ సిండ్రోమ్ అని పేరు. పట్టీ కట్టుకోవాలి, చేతికి విశ్రాంతి ఇవ్వాలి, కూర్చునే తీరు మార్చుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్.

నాకూ మీకూ చూపుడువేలు తిమ్మిరెక్కిందనుకోండి, రెండ్రోజులు కూర తరగడం ఇంకెవరికో అప్పజెప్తాం. ఆ పిల్లకి తిమ్మిరెక్కితే పేజీ మాసిపోతుంది. చదివే కన్నే ఆ వేలు. ఎవరైనా ఒక బల్ల ఎత్తు వల్ల మన చూపు మందగిస్తోందని చెబితే ఆ బల్లని ఆ పూటే వీధిలో పారెయ్యమూ? వేలికి మాత్రం ఎందుకీ అలుసు?

నేను వూరుకోలేక ఆ బ్రాంచికి వెళ్లి చూసి వచ్చాను. ఏం చూశానో చెప్తాను వినండి. ఆ పిల్ల బల్ల నడిమధ్య ఇంత పెద్ద తెర కూర్చునుంది, పెళ్లికూతురులా. ఆ పిల్లకి దానితో ఏమిటి పని? అది బల్లలో సగం ఆక్రమించడంతో కీబోర్డూ, డిస్‌ప్లే అంచున ఇరుక్కున్నాయి. మణికట్టు ఆనడానికి చోటు లేదు, బల్ల అంచు నేరుగా చేతికి కోసుకొంటోంది. కుర్చీ చేతులు బల్లకి తగిలి దగ్గరికి జరగదు. ఏసీ గాలి సరిగ్గా ఆ చేతుల మీదికే. చల్లబడిపోయిన వేళ్లకి స్పర్శ తగ్గుతుందని తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, ధనుర్మాసంలో చన్నీళ్లతో వాకిలి కడిగి ముగ్గు వేసిన ఎవరినడిగినా చెప్తారు.

తెర పక్కకి తీయించండి అన్నాను. "రూలు ఒప్పుకోదండీ, ప్రతి సీటుకీ ఒక మానిటరు" అన్నారు అక్కడి ఆఫీసరుగారు, చాలా మర్యాదగానే. ఒకరోజు ఆ పిల్ల కుర్చీలో వెనక్కి ఆనుకొని, తల వెనక్కి వాల్చి, చేతులు మాత్రం చుక్కల మీద వుంచి చదువుకొంటూంటే "ఏమ్మా, పడుకొన్నట్టు కూర్చున్నావు? కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారు?" అన్నారట. చూడండి విచిత్రం! తెరకేసి మెడ చాచుకొని కూర్చోవలసిన ఖర్మ కళ్లున్నవాళ్లది. చూపులేనివాళ్లకి భగవంతుడిచ్చిన ఒకే ఒక్క సుఖం, మెడ నిటారుగా వుంచుకొని, వీపు పూర్తిగా ఆన్చుకొని పని చేసుకోవడం. అదీ మనలాగే గూని పెట్టుకొని తెరకేసి చూస్తున్నట్టు నటిస్తేనే వుద్యోగం చేసినట్టుట!

ఆఫీసరుగారు నాతో మరో మాట కూడా అన్నారు. "మేం అందరినీ సమానంగా చూస్తామండీ. అందరికీ ఒకే బల్ల, ఒకే కుర్చీ." ఎంత చక్కని మాట! కొంగకీ నక్కకీ ఒకే పళ్లెంలో వడ్డించడమూ సమానమే కదా. చట్టం అలా అనడం లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నించి అమల్లో వుంది. అందులో 20వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా అలాంటి వుద్యోగికి అవసరమైన మార్పులు చేసిపెట్టాలి. మితిమీరిన భారం కాకుండా, ఆ మనిషికి తగినట్టు. బల్ల కాళ్లు ఆరంగుళాలు కోయించడం బ్యాంకుకి మితిమీరిన భారమంటారా? రోజూ లెక్కపెట్టే నోట్లు తలుచుకొంటే నాకయితే నవ్వొస్తుంది. ఆ చట్టమే ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం ఇటువంటివారికి కేటాయించింది, అందులో ఒక శాతం చూపు లేనివారికీ, మందంగా వున్నవారికీ. వుద్యోగం ఇచ్చి కూర్చునే చోటివ్వకపోతే, అన్నానికి పిలిచి విస్తరెయ్యనట్టే.

2015 తర్వాత మనం 'దివ్యాంగులు' అనే మాట మొదలుపెట్టాం. వినడానికి గొప్పగానే వుంది. పేరు మార్చడానికి వడ్రంగిని పిలవక్కర్లేదు మరి.

ఇంకొందరు తెలివైనవాళ్లున్నారు. "ఇప్పుడు కంప్యూటరే మాట్లాడుతుందిగా, ఈ చుక్కల గొడవెందుకు?" అంటారు. మాట్లాడుతుంది, నిజమే. ఎన్‌వీడీఏ అని ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రవాళ్లు 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రాము వుంది. ఉచితం. తెర మీదున్నదంతా గడగడా చదువుతుంది, తెలుగు కూడా చదువుతుంది. మా పిల్లా అది వాడుతుంది. కాని కౌంటరు అవతల కస్టమరు మాట్లాడుతూంటే, చెవిలో కంప్యూటరు మాట్లాడుతూంటే, ఎవరి మాట వినాలి? మీ పక్కన రేడియో మోగుతూంటే డబ్బు లెక్కపెట్టి చూడండి తెలుస్తుంది. అకౌంటు నెంబర్లలో ఒక సున్నా చెవికి జారితే ఎవరి డబ్బు ఎవరికి పోతుంది? పేర్ల సంగతి మరీను. 'శేషు'లో ఏ 'శ', ఏ 'ష' అన్నది చెవికి సరిగ్గా తెలీదు, వేలికి తెలుస్తుంది. బ్రెయిలీలో రెండింటికీ వేరే వేరే చుక్కలు. వినడం వేరు, చదవడం వేరు. మీరు ఈ వ్యాసాన్ని ఎవరో చదివి వినిపిస్తే చాలనుకొంటారా? ఒత్తు ఎక్కడుందో, పేరా ఎక్కడ విరిగిందో, ఎక్కడ ఆగి వెనక్కి వెళ్లాలో మీ ఇష్టం మీది. వాళ్ల ఇష్టం వాళ్లదవ్వాలంటే వేళ్లు బతికుండాలి. రోజంతా చెవులకి డబ్బాలు తగిలించుకొంటే వచ్చే తలనొప్పి మాట నేనసలు ఎత్తడమే లేదు.

కనక ఇంట్లో గాని, ఆఫీసులో గాని ఇలా చదువుకొనే పిల్లలున్నవాళ్లు కాస్త చెవిన వేసుకోండి. ఆస్పత్రి కబుర్లు కావు ఇవి, ఇంట్లో గట్టు సర్దుకోవడం లాంటివే.

ముందు మనిషిని కూర్చోబెట్టి కొలవండి, తర్వాత బల్ల. కాళ్లు కోయించడానికి వీల్లేదంటే కుర్చీ ఎత్తు పెంచండి. పెంచితే పాదాలు వేళ్లాడతాయి, తొడల కింద నెత్తురు ఆగి తిమ్మిర్లు పడతాయి. అప్పుడు కాళ్ల కింద పీట వెయ్యండి. అచ్చంగా మన వంటింటి పీటే. (ఆ బ్రాంచిలో పీట తెస్తే "చూడ్డానికి బాగుండదు" అన్నారు. కార్పెట్టు బాగుందిట, దాని మీద పీట బాగులేదట.) డిస్‌ప్లే బల్ల అంచుకి మరీ ఆనించకుండా నాలుగువేళ్ల చోటు వదలాలి. చదివేటప్పుడు అరచెయ్యి కింద భాగం తేలిగ్గా ఆనాలి. ముంజేయి నించి మునివేలి దాకా ఒకే గీత గీసినట్టుండాలి, మణికట్టు దగ్గర విరగకూడదు. కీబోర్డుకి వెనకాల వుండే ఆ రెండు బుల్లికాళ్లు విప్పకండి. అవి విప్పితే మణికట్టు ఇంకా పైకి విరుగుతుంది. చాలా డిస్‌ప్లేలకి వాటి మీదే బ్రెయిలీ రాసే మీటలుంటాయి, చుక్కకో మీట. అలాంటిదయితే కీబోర్డు అసలు అక్కర్లేదు. ఒళ్లో పెట్టుకొని, భుజాలు దించుకొని, హాయిగా రాసుకోవచ్చు. 20 గళ్లవి అందుకు బాగా కుదురుతాయి. బరువూ తక్కువ, ఖరీదూ తక్కువ. కాకపోతే గళ్లు సగమయితే మీట నొక్కడం రెండింతలవుతుంది, బొటనవేలికి పని పెరుగుతుంది. రోజంతా లెక్కలు చూసేవాళ్లకి 40 గళ్లదే మేలని మా పిల్ల అంటుంది.

వేళ్లు నొక్కి చదవకూడదు. ఎంత నొక్కితే అంత బాగా తెలుస్తుందనుకోవడం పొరబాటు, ఎక్కువ నొక్కితే తెలివి మొద్దుబారుతుంది. పిండి వుండల్లేకుండా కలిసిందో లేదో చూడ్డానికి మనం వేలు పైపైన రాస్తామే, అలాగ. చెయ్యి కడిగి, పూర్తిగా తుడుచుకొని కూర్చోవాలి. ఆవకాయ చెయ్యి, జంతికల చెయ్యి పనికిరావు. ఆ సన్న కన్నాల్లోకి నూనె దిగిందంటే మొల లేవదు. మొల లేవకపోతే అక్షరం మారిపోతుంది. అరగంటకో ముప్పావుగంటకో ఓసారి చేతులు కిందికి వదిలి, వేళ్లు ముడిచి విప్పి, లేచి నాలుగడుగులు వెయ్యాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. ఎవరి వస్తువుని వాళ్ల చోటు నించి కదపకండి. అత్తగారో, చుట్టాలో వచ్చి నాలుగురోజులుండి వెళ్లాక మీ వంటింట్లో ఉప్పు డబ్బా కోసం ఎంత వెతుక్కొంటారు? అదీ కళ్లుండి! రాత్రి ఊడ్చే మనిషి డిస్‌ప్లేని జానెడు పక్కకి జరిపి, కుర్చీ మీటని కిందికి నొక్కి వెళ్లిపోతుంది. పొద్దున్న మళ్లీ కొలతలు మొదలు. ఊడ్చే మనిషిని అనడం లేదు నేను, ఆమెకెవరు చెప్పారు? చెప్పవలసినవాళ్లకే ఆ ధ్యాస లేదు.

2024లో హిందీలో 'శ్రీకాంత్' అని సినిమా వచ్చింది. మన మచిలీపట్నం వైపు పల్లెలో పుట్టి, చూపు లేకపోయినా పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వమని పట్టుబట్టి సాధించి, అమెరికాలో ఎమ్‌ఐటీలో చదివి వచ్చి, కంపెనీ పెట్టిన బొల్లా శ్రీకాంత్‌గారి కథ. నాతో వచ్చినవాళ్లందరూ కళ్లొత్తుకొన్నారు. హాల్లోంచి బయటికొస్తూ ఓ ఆవిడ "అలాంటివాళ్లకి ఏదో దివ్యశక్తి వుంటుందండీ" అంది. అదిగో, అక్కడే నాకు గొడవ. శక్తి వుందనుకొంటే కుర్చీ ఇవ్వనక్కర్లేదు. చప్పట్లు కొట్టి పంపించెయ్యొచ్చు. వాళ్లకీ మనకున్న నడుమే, మనకున్న మెడే, మనకున్న మణికట్టే. సాయంత్రం నాలుగయ్యేసరికి మనకి ఎక్కడ లాగుతుందో వాళ్లకీ అక్కడే లాగుతుంది.

మా పిల్ల సంగతి అడుగుతారు కదూ. పట్టీ కట్టుకొంటోంది, తిమ్మిరి సగం తగ్గింది. నాలుగు వుత్తరాల తర్వాత తెరని పక్క బల్ల మీదికి మార్చారు. ఏసీ రెక్క తిప్పారు. కొత్త కుర్చీకి 'ఇండెంటు పెట్టాం' అన్నారు. బల్ల మాత్రం అలాగే వుంది. కిందటి వారం ఫోన్ చేసి "వాళ్లేమంటున్నారో తెలుసా అత్తా, నీ ఒక్కదాని బల్ల కోయిస్తే రేపు అందరూ కోయించమంటారట" అంది.

మరి అడగనివ్వచ్చు కదండీ? ఆ బ్రాంచిలో పదకొండుమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. నేనక్కడున్న గంటలో ఏడుగురు భుజాలు నొక్కుకోవడం చూశాను.